ఉద్యోగపర్వం

మా అక్కయ్య ఆమధ్య నాకొక కాగితం పంపింది. కొడుకు పెళ్ళి సంబంధాల కోసం తయారుచేసిన బయోడేటా. అమెరికాలో ఉన్న తమ్ముడు ఒకసారి చూసి సరిదిద్దితే బాగుంటుందని ఆవిడ ఉద్దేశం. పేరు, పుట్టిన తేదీ, నక్షత్రం, ఎత్తు, చదువు (బి.టెక్., 2014) అన్నీ నిండుగా ఉన్నాయి. ‘ఉద్యోగం’ అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది. దాని పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం. ఫోను చేస్తే, “అక్కడ ఏం రాయాలో నువ్వే చెప్పరా. ఖాళీగా ఉన్నాడని రాయలేం కదా” అంది.

మా మేనల్లుడు చదువయ్యాక నాలుగేళ్ళు ఒక కర్మాగారంలో పనిచేశాడు. 2019లో అది మానేసి హైదరాబాదులోని అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-1 పరీక్షకు చదవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఒకసారి నేను కూడా అతడిని “ఇంకా ఖాళీగానే ఉన్నావా?” అని అడిగాను. “ఖాళీ ఎక్కడుంది మామయ్యా?” అన్నాడు. ఆ జవాబులో కోపం లేదు, వ్యంగ్యం కూడా లేదు. నిజంగానే అతడికి తీరిక లేదు. విశ్వవిద్యాలయం గడప దాటిన తరువాత పూర్తికాలపు ఉద్యోగంలో చేరని మనిషి రోజంతా ఏం చేస్తాడు, దాన్ని మన భాష ఏమని పిలుస్తుంది, మన కథలూ సినిమాలూ దాన్ని ఎంతవరకు చూశాయి అనే ఆలోచన నాలో అప్పుడు మొదలయింది.

ముందు మాట సంగతి. ‘నిరుద్యోగి’ అనేది మనం పత్రికల్లో రోజూ చదివే మాటే. కాని సంస్కృతంలో ఉద్యోగమంటే జీతం వచ్చే కొలువు కాదు. యత్నం, పూనిక, సన్నాహం. మహాభారతంలో అయిదవదైన ఉద్యోగపర్వంలో యుద్ధం ఇంకా మొదలుకాదు. రాయబారాలు నడుస్తాయి, సేనలు కూడుతాయి, ఎవరు ఎటువైపో తేలుతుంది. అదంతా తయారీయే. తెలుగు మీడియంలో చదువుకున్న నా తరంవాళ్ళు ఈ మాటను తిక్కన కన్నా ముందు, ఊళ్ళో తెల్లవార్లూ ఆడిన తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో విని ఉంటారు. కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన జనంలో ఎవరూ ఆ ‘ఉద్యోగం’ ఏ ఆఫీసులో అని అడగలేదు. తరువాత ఎప్పుడో ఆ మాట సర్కారు కొలువుకు అంటుకుపోయింది. పాత అర్థంలో చూస్తే ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండు వరకు పరీక్షకు సన్నద్ధుడయ్యేవాడు అచ్చమైన ఉద్యోగి. కొత్త అర్థంలో అతడే నిరుద్యోగి, అంటే పదాన్ని విడదీస్తే ప్రయత్నమే లేనివాడు. ఒకే మనిషికి ఒకే ధాతువు నుంచి రెండు వ్యతిరేక నామాలు!

లెక్కలవాళ్ళ భాష దీనికన్నా మెరుగేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనంలో నిరుద్యోగి అనిపించుకోవాలంటే మూడు షరతులు: పని లేకపోవాలి, పనికి అందుబాటులో ఉండాలి, పని కోసం వెతుకుతూ ఉండాలి. లెక్క తీసుకున్న వారంలో జీతానికి ఒక్క గంట పనిచేసినా ఆ మనిషి పని ఉన్నవాళ్ళ జాబితాలోకి పోతాడు. మా మేనల్లుడు వారానికి నాలుగు సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటరులో రాజ్యాంగం పాఠం చెబుతాడు. కనుక గణాంకాల్లో అతడికి పని ఉంది. తల్లి దృష్టిలో ఖాళీగా ఉన్నాడు. తన దృష్టిలో ఊపిరి సలపడం లేదు. బ్రిటన్‌లో 1999 నాటి ఒక ప్రభుత్వ నివేదిక తరువాత చదువులోగాని, పనిలోగాని, శిక్షణలోగాని లేని యువతను ‘నీట్’ అనే పొట్టిపేరుతో పిలవడం వ్యాప్తిలోకి వచ్చింది. మన దేశంలో అవే అక్షరాలు వైద్యవిద్య ప్రవేశపరీక్షకు పేరయ్యాయి. అక్కడ ఏమీ చేయనివాళ్ళ పేరు, ఇక్కడ ఆ ఒక్కటి తప్ప ఇంకేమీ చేయడానికి వీల్లేనివాళ్ళ పరీక్ష.

2024 జనవరిలో ఇండియా వెళ్ళినప్పుడు అశోక్‌నగర్‌లో రెండు రోజులు ఉన్నాను. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం తలుపు తీయకముందే బయట వరుసలో సంచులు పెట్టి ఉన్నాయి. మనుషులు టీ తాగడానికి వెళ్ళారు, సంచులు వాళ్ళ స్థానాన్ని కాపాడుతున్నాయి. లోపల కుర్చీలు చాలనివాళ్ళు ఆవరణలో చెట్ల కింద, మెట్ల మీద చదువుతున్నారు. చుట్టుపక్కల వీధుల్లో నెలకింతని అద్దెకిచ్చే స్టడీ హాళ్ళున్నాయి. ఒక బల్ల, ఒక దీపం, ఒక ప్లగ్గు, మూడుపక్కలా అట్ట గోడ. ఆడపిల్లలు తక్కువేమీ లేరు. వాళ్ళకోసం వేరే హాస్టళ్ళు, తొమ్మిదింటికి మూతపడే గేట్లు. జిరాక్సు దుకాణాల్లో నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముడవుతుంది. మధ్యాహ్నం నగరపాలక సంస్థవారి అయిదు రూపాయల భోజనం దగ్గర పెద్ద వరుస. ఆ వరుసలో ఇంజనీర్లు, ఎమ్మెస్సీలు, బి.ఇడి. చేసినవాళ్ళు ఉన్నారు. ఎవరిని పలకరించినా తాము చేస్తున్న చిన్న పని ఏదో ఒకటి చెప్పారు. ఒకరు వర్తమాన వ్యవహారాల బిట్లు రాసి యాప్‌లకు ఇస్తారు. ఒకరు సాయంత్రం ఆరు నుంచి పది వరకు బండి మీద భోజనం పొట్లాలు చేరవేస్తారు. ఒకాయన జవాబు పత్రాలు దిద్దుతాడు. పూర్తికాలపు పని మాత్రం ఎవరూ పట్టలేదు. కారణం బద్ధకం కాదు. తొమ్మిది గంటల ఉద్యోగం పడితే చదువు పోతుంది, చదువు పోతే ఇన్నేళ్ళూ పోతాయి.

ఇన్నేళ్ళూ అంటే ఎన్నేళ్ళు? తెలంగాణ ఏర్పడిన తరువాత మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది. 503 ఖాళీలకు 3,80,000 మందికి పైగా దరఖాస్తు చేశారు. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్షను ప్రశ్నపత్రాల లీకు బయటపడ్డాక 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే ఉపసంహరించి 563 ఖాళీలతో కొత్త ప్రకటన ఇచ్చారు. ఒకే పరీక్ష మొదటి మెట్టును మా వాడు మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ అది మొదటి మెట్టే. ఈలోగా ప్రభుత్వం అభ్యర్థులకు చేసిన మేలు గరిష్ఠ వయోపరిమితిని పెంచడం. 34 ఏళ్ళను 2022లో 44 చేశారు, 2024లో 46. నలభై ఆరేళ్ళ వయసులో మధుమేహానికి పరీక్ష చేయించుకొమ్మని నేను నా రోగులకు చెబుతాను. అక్కడ 2024లో ఆ వయసుకు ఇంకా దరఖాస్తు చేసుకునే వీలుండేది. ఈ పెంపు ఉద్యోగాలను పెంచలేదు, ఎదురుచూడగలిగే కాలాన్ని పెంచింది. అది దయ అని అభ్యర్థులు కూడా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఇక మన కథనాల సంగతి. చదువుకుని పనిలేని యువకుడనగానే నా తరానికి గుర్తుకొచ్చేది కె. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’ (1981). ఢిల్లీలో పని దొరకని ముగ్గురు స్నేహితులు, నోరు తెరిస్తే శ్రీశ్రీని చదివే రంగా, ఇంట్లో గింజ లేకపోయినా విందు ఆరగిస్తున్నట్టు చప్పుళ్ళు చేసే ఆ సన్నివేశం. మెడికల్ కాలేజీలో ఉండగా ఈ సినిమాను నేను నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ కళ్ళు తుడుచుకున్నాను. ఈ ఏడాది మళ్ళీ చూస్తే రెండు విషయాలు తోచాయి. ఒకటి, రంగాకు ఆకలి ఉంది, అవమానం ఉంది, ఆత్మగౌరవం ఉంది, కాని దినచర్య లేదు. అతడి రోజును నింపేది ఎదుటివాళ్ళతో ఘర్షణే. బాలచందర్‌కు ఘర్షణ కావాలి. అది నాటకం నుంచి వచ్చిన దర్శకుడి బలం. పుస్తకం ముందు పన్నెండు గంటలు కూర్చున్నవాడిలో కెమెరాకు చిక్కే ఘర్షణ ఏముంది?

రెండవది ముగింపు. రంగా చివరికి క్షురకవృత్తి చేపడతాడు. అది తండ్రి కంటబడుతుంది. ఏ పనీ తక్కువ కాదన్న ఆ ఘట్టాన్ని నలభై ఏళ్ళుగా మనం మెచ్చుకుంటూనే ఉన్నాం. నేనూ మెచ్చుకున్నాను. అశోక్‌నగర్ స్టడీ హాల్లో మా మేనల్లుడి పక్క బల్ల అబ్బాయి, తన ఇంట్లో మొదటి పట్టభద్రుడు, ఈ సినిమా ప్రస్తావన వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు: “మా నాయనది సెలూన్ షాపే సార్. నేను అందులో కూర్చుంటే అది క్లైమాక్స్ కాదు, ఇంటర్‌ ఫెయిలయినట్టు.” ఆ ముగింపులోని ఔన్నత్యమంతా ఆ వృత్తిని ఎవరు చేపట్టారన్న దాని మీద నిలబడి ఉంది. సంప్రదాయ కుటుంబంలో పుట్టినవాడు కత్తెర పట్టుకుంటే త్యాగం. కత్తెర నుంచి బయటపడడానికే చదివినవాడు మళ్ళీ దాన్ని పట్టుకుంటే ఆ త్యాగం ఎవరికీ కనబడదు. శ్రమ గౌరవం గురించి మాట్లాడిన సినిమా ఆ శ్రమలో పుట్టినవాడిని ప్రేక్షకుడిగా ఊహించలేదు. దీనివల్ల ‘ఆకలి రాజ్యం’ చిన్నదైపోదు గాని, దాని నీతిని అందరికీ వర్తించే నీతిగా ఇన్నాళ్ళూ పంచిపెట్టిన మన విమర్శ మాత్రం చిన్నబోతుంది.

సాహిత్యంలో ఇంకొక దారి ఉంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 1940లలో వచ్చిన గొప్ప నవల; తెలుగులో మనస్తత్వ చిత్రణకు దాన్ని మించిన పునాది లేదు. కాని సీతారామారావు వైఫల్యం వేళ్ళన్నీ అతడి మనస్సులోనే ఉన్నాయని చదువరులం నిర్ణయించుకున్నాం. శీర్షికలోని ‘అసమర్థుడు’ నవల నుంచి బయటికొచ్చి, కుదురుగా పనిలో నిలవని ప్రతి చదువుకున్న మగవాడి మీదా వాలింది. వైద్యుడిగా నాకు ఈ అలవాటు బాగా తెలుసు. రోగకారణం వెంటనే దొరకకపోతే రోగి స్వభావానికి అంటగట్టేస్తాం. రద్దయిన పరీక్షలు లెక్కలోకి తీసుకోకుండా పట్టుదల చాలలేదని తీర్మానించడం అలాంటిదే.

ఆ తరువాతి సినిమాలను త్వరగా దాటవచ్చు. ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) కథానాయకుడు ఉద్యోగం కోసమే నగరానికి వస్తాడు, కాని కథ ప్రేమలో పడ్డాక ఆ ఉద్యోగం గురించి పట్టించుకునేవాళ్ళు లేరు. హాయిగా నవ్వించే సినిమా, అంతకు మించి అడగడం అన్యాయం. ‘పెళ్ళిచూపులు’ (2016) మరింత తెలివైనది. సప్లిమెంటరీలు రాసి ఇంజనీరింగ్ గట్టెక్కిన ప్రశాంత్‌కు వంట ఇష్టం. ఆ ఇష్టం ఒక ఫుడ్ ట్రక్కుగా మారుతుంది. ఉద్యోగానికి బదులు అభిరుచి అన్న ఈ మార్గం ప్రవాసంలోని మాకందరికీ నచ్చింది, మా పిల్లలకు చూపించాం. ఆ మార్గానికి ముందుగా ఉండాల్సినవి మాత్రం గమనించలేదు: నగరంలో సొంత ఇల్లు, తిట్టినా అన్నం పెట్టే తండ్రి, వ్యాపారం మీద పట్టున్న ఓ అమ్మాయి. అద్దెగదిలో ముగ్గురితో ఉంటున్నవాడి అభిరుచిని కనిపెట్టడానికి ఎవరికి తీరిక?

పుస్తకం ముందు కూర్చోవడాన్ని తెర మీదికి తెచ్చిన ఘనత హిందీవాళ్ళదే. ‘ట్వల్త్ ఫెయిల్’ (2023)లో నాయకుడు గ్రంథాలయంలో ఊడుస్తాడు, పిండిమరలో పనిచేస్తూ రాత్రిళ్ళు చదువుతాడు. పూర్తికాలపు ఉద్యోగానికి బదులు మనిషి చేసే పనుల ఇంత నిజమైన చిత్రణ నేను వేరే చూడలేదు. అయితే అతడు చివరికి ఐ.పి.ఎస్. అధికారి అవుతాడు, కథ నిజ జీవితం నుంచి తీసుకున్నది కనుక తప్పదు. ఫలితం వచ్చినవాడి నిరీక్షణకే కథార్హత ఉందా? 503 మందికి ఆ యోగ్యత ఇస్తే మిగతా మూడు లక్షల డెబ్భై తొమ్మిది వేల మంది గడిపిన అవే ఉదయాలను ఏం చేయాలి?

ఆ మిగతావాళ్ళ గురించి శ్రద్ధగా రాసినవాడు కథకుడు కాదు, భూగోళశాస్త్రజ్ఞుడు. క్రెయిగ్ జెఫ్రీ మీరట్ నగరంలో పరిశోధన చేసి 2010లో ‘టైంపాస్’ అనే పుస్తకం ప్రచురించాడు. డిగ్రీ మీద డిగ్రీ చేస్తూ, కొలువు రాక, టీకొట్టు దగ్గర కాలం గడిపే దిగువ మధ్యతరగతి యువకులు తమ స్థితికి తామే పెట్టుకున్న పేరది. ఎదురుచూడడం కూడా ఒక సామాజిక జీవితమని, దానికి స్నేహాలు, రాజకీయాలు, హాస్యం ఉంటాయని ఆయన చూపించాడు. నాకు విలువైన పుస్తకమే, కాని ‘టైంపాస్’ అన్న మాట అశోక్‌నగర్‌కు అతకదు. మీరట్ యువకుడికి కాలం ఎక్కువై బాధ. ఇక్కడివాడికి కాలం చాలక బాధ. వారాలు కొరత, సంవత్సరాలు మాత్రం ఎక్కువ. ఈ వైపరీత్యాన్ని పట్టుకునే తెలుగు నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.

నేను ఈ మనుషులకు దూరపువాణ్ణి కాదు. 1990లలో హౌస్ సర్జన్సీ ముగిశాక రెండేళ్ళు పి.జి. ప్రవేశపరీక్షకు చదివాను. ఆ రెండేళ్ళూ ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ డాక్టరుగా పనిచేశాను. పగలు పెద్ద డాక్టరుగారు, రాత్రి మాలాంటి ఒకడు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా. రోగి లేనప్పుడు డ్యూటీ గదిలో హారిసన్ పుస్తకం. జీతం గది అద్దెకూ మెస్సుకూ సరిపోయేది. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాన్న “పి.జి. చేస్తున్నాడు” అనేవాడు. చేయడం లేదు, చేయడానికి చదువుతున్నాను. ఆ ఒక్క అబద్ధాన్ని రెండేళ్ళు నేనెన్నడూ దిద్దలేదు. నాతో గది పంచుకున్న మిత్రుడు నాకన్నా తెలివైనవాడు. నాకు సీటు వచ్చిన ఏడాది అతడికి కొద్దిలో తప్పింది. తరువాత ఇంకో మూడేళ్ళు రాసి, ఒక పల్లెటూళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. నా రెండేళ్ళను ఇప్పుడు అందరూ ‘కృషి’ అంటారు. అతడి అయిదేళ్ళకు అతడి భార్య కూడా ‘వృథా’ అనే మాటే వాడుతుంది. మేమిద్దరం ఒకే గదిలో ఒకే దీపం కింద ఒకే పుస్తకం చదివాం.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామందికి ఇంకొక రూపం తెలిసే ఉంటుంది. అమెరికాలో ఎం.ఎస్. ముగించిన మన పిల్లలకు చదువుకు సంబంధించిన పని చేసేందుకు ఓ.పి.టి. కింద 12 నెలల అనుమతి ఉంటుంది. అందులో మొత్తం మీద 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాలవారికి వచ్చే 24 నెలల పొడిగింపుతో అది 150 రోజులవుతుంది. అయితే మొదటి ఏడాదిలో జీతం లేని పనిని కూడా, వారానికి కనీసం 20 గంటలు చేస్తే, పనిగానే లెక్కిస్తారు. అందుకని ఆచార్యుల ప్రయోగశాలల్లో ఉచితంగా పనిచేసే పట్టభద్రులు ప్రతి విశ్వవిద్యాలయ పట్టణంలోనూ కనబడతారు. వాళ్ళు డబ్బు సంపాదించడం లేదు, గడియారాన్ని ఆపుతున్నారు. దసరా విందులో ఎదురైతే “ఎక్కడ చేస్తున్నావమ్మా?” అని అడుగుతాం. విశ్వవిద్యాలయం పేరు చెబుతారు. మనం తల పంకించి, ఇంకో గారె వడ్డిస్తాం. అక్కడ చిక్కడపల్లిలో వయోపరిమితి పెంచి కాలాన్ని సాగదీశారు, ఇక్కడ రోజులు లెక్కపెట్టి కుదించారు. రెండుచోట్లా అడిగేవాడికి కావలసింది ఒక సంస్థ పేరే.

2025 మార్చిలో గ్రూప్-1 ర్యాంకుల జాబితా వచ్చింది. మా వాడి మార్కులు అటూ ఇటూ కాని చోట ఉన్నాయి. సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జాబితాను కొట్టివేసింది, కొద్ది రోజులకే ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును నిలిపివేసింది. ఆ వారమే అక్కయ్య మళ్ళీ ఫోను చేసింది. అమ్మాయి తరఫువాళ్ళు కాగితం అడుగుతున్నారట. “సివిల్స్‌కు ప్రిపేరవుతున్నాడు” అని రాస్తే గౌరవంగా ఉంటుందని ఆమె ఆలోచన, పరీక్ష వేరైనా సరే. నేను “లెక్చరర్” అని సూచించాను. నా గొంతులో మా నాన్న నాకే వినిపించాడు.

మరునాడు మేనల్లుడు తానే గడి నింపి కాగితం ఫోటో తీసి మా ఇద్దరికీ పంపాడు. గుండ్రటి అక్షరాలతో, గడిలో పట్టక కిందికి దిగి, ఇలా రాశాడు: “వారానికి నాలుగు సాయంత్రాలు రాజ్యాంగం చెబుతాను, గంటకు 400 రూపాయలు. మిగతా వేళ చదువుతాను.” గంట రేటు కొట్టేయమని అక్కయ్య అడుగుతోంది. అలాగే ఉంచుతానని వాడంటున్నాడు. ఎవరు చెప్పినదానికి ఒప్పుకోవాలో నన్ను తేల్చమన్నారు. ఆ ఫోటో ఇంకా నా ఫోనులోనే ఉంది.